ఫుట్‌బాల్ కోడ్ అమల్లో ఉంది

పాలవంక డివిజన్‌లో ఎన్నికలు వచ్చాయంటే నాయకులు ఓటరుకు భయపడేవారు కాదు, డిప్యూటీ తహసీల్దార్ పెన్నోబిలేసుకు భయపడేవారు. ఓటరుకైతే ఏదో ఒకటి చెప్పి నచ్చజెప్పుకోవచ్చు. పెన్నోబిలేసుకు నచ్చజెప్పడం ఆయన భార్యకే చేతకాలేదు. ఎన్నికల కోడ్ వచ్చిందన్న కబురు చెవిన పడిన గంటలోపే ఊళ్లో విగ్రహాలన్నిటికీ ముసుగులు పడిపోయేవి. శంకుస్థాపన రాళ్లకు గోనెపట్టాలు చుట్టేవారు. బస్సు షెల్టరు మీద దాత పేరుకు సున్నం కొట్టేవారు. ఒకసారి పెళ్లి ఊరేగింపులో పెళ్లికొడుకు రోడ్డుకు రెండువైపులా చెయ్యి ఊపుతూ వస్తుంటే, ఇది ప్రచారం కిందికే వస్తుందని పెన్నోబిలేసు గుర్రాన్ని ఆపించాడు. ఆ అబ్బాయి ఏ పార్టీవాడూ కాదని తేలాక, స్వతంత్ర అభ్యర్థి కింద పరిగణించి వదిలిపెట్టాడు.

ఇంత ప్రతిభ అయిదేళ్లకోసారే వెలుగు చూడటం ఆయనకు చెప్పుకోలేని బాధ. మిగతా కాలమంతా ఆర్డీవో ఆఫీసు మూలగదిలో కూర్చుని ఆదాయ ధ్రువపత్రాల మీద సంతకాలు పెట్టుకోవాలి. అక్కడ ఆయన్ని చూసి భయపడేవాళ్లు ఉండరు. అందుకని ఆ వేసవిలో మళ్లీ కోడ్ వచ్చిందనగానే, ఏం కోడ్ అని ఆయన అడగలేదు. దాహంతో ఉన్నవాడు చెంబు ఎవరిదని అడుగుతాడా?

అసలు జరిగిందేమిటంటే, క్రీడాభ్యుదయ శాఖ కమిషనర్‌గారు విదేశీ అధ్యయన యాత్ర ముగించుకుని వచ్చారు. వస్తూనే రాష్ట్రంలోని ఆర్డీవోలందరికీ వీడియో కాన్ఫరెన్స్ పెట్టారు. పాలవంకలో ఆర్డీవో కమలాకరంగారు, ఆయన వెనక వరసలో పెన్నోబిలేసు, పక్కన మిగతా సిబ్బంది నోటు పుస్తకాలు తెరుచుకుని తెర ముందు కూర్చున్నారు.

"మనం ఫుట్‌బాల్ అంటే ఒక్కటే అనుకుంటున్నాం," అన్నారు కమిషనర్‌గారు తెర మీద. "పొరపాటు. ప్రపంచంలో ఎన్నో ఫుట్‌బాల్ కోడ్‌లు ఉన్నాయి. ఏ కోడ్ ఎంత టఫ్, దేనికి ఎంత గ్లోబల్ అప్పీల్ ఉంది, మీరు తులనాత్మకంగా పరిశీలించాలి. వాటిలో టఫ్ కోడ్ ఏదో తేల్చి మన రాష్ట్రంలో..."

అక్కడ కమిషనర్‌గారు నోరు తెరిచి, చూపుడువేలు పైకెత్తి తెర మీద బిగుసుకుపోయారు. కాసేపటికి బొమ్మ కదలకుండానే మాట మాత్రం వచ్చింది. "...రేపటి నుంచి. ఎవరినీ ఉపేక్షించేది లేదు. ఆదివారం పాలవంక ఫీల్డ్‌కి నేనే వస్తున్నా." ఆ తర్వాత తెర నల్లబడింది.

మళ్లీ ఫోన్ చేసి మధ్యలో ఏమన్నారని అడగవచ్చు. కానీ కిందటి నెలలో పక్క డివిజన్ ఆర్డీవో ఒకాయన "సార్, మళ్లీ ఒకసారి చెప్పండి" అన్నందుకు, ఎవరూ ఏమీ చెప్పని చోటికి ఆయనకు బదిలీ అయింది. కమలాకరంగారు గొంతు సవరించుకుని సిబ్బంది వైపు తిరిగారు.

"అందరికీ అర్థమైందిగా? ఫుట్‌బాల్ కోడ్ వచ్చింది. కోడ్ టఫ్‌గా ఉండాలన్నారు. దాని మీద అప్పీలుకు కూడా అవకాశం ఇచ్చారు. ఇందులో అర్థం కానిదేముంది?"

అందరూ అర్థమైందన్నట్టు తలలాడించారు. కోడ్, కఠినంగా అమలు, అప్పీలు. ముప్ఫై ఏళ్లుగా వింటున్న మాటలే. ముందు ఫుట్‌బాల్ అనే మాట ఒక్కటే కొత్తది. ఏటా ఏదో ఒక మాట కొత్తగా చేరుతూనే ఉంటుంది.

"ఓబిలేసూ, నువ్వే నోడల్ ఆఫీసర్‌వి. రేపటి నుంచి పకడ్బందీగా..."

"రేపటి నుంచి కుదరదు సార్," అన్నాడు పెన్నోబిలేసు లేచి నిలబడి. ఆయన కళ్లలో నాలుగేళ్లుగా లేని కాంతి వచ్చింది. "కోడ్ ప్రకటించిన క్షణం నుంచే అమల్లోకి వచ్చినట్టు సార్. ఇప్పటికే ఆలస్యమైపోయింది. ముసుగు గుడ్డలకు చెప్పల్ల."

సాయంత్రానికి పాలవంక రూపు మారిపోయింది. కోడ్ దేని గురించో దాన్ని గుర్తుచేసేవేవీ బయటికి కనపడకూడదన్నది మూలసూత్రం. కాబట్టి చెప్పుల దుకాణం మీది నిలువెత్తు బూటుకు తెల్లగుడ్డ చుట్టారు. నాలుగు రోడ్ల కూడలిలో సిమెంటుతో చేసిన భూగోళం ఉంది. అది గుండ్రంగా ఉంది, పైగా మీద గళ్లున్నాయి. దానికీ ముసుగు వేశారు. బస్సుల్లో "ఫుట్‌బోర్డు ప్రయాణం ప్రమాదకరం" అన్నచోట మొదటి రెండక్షరాలకు నల్లరంగు పూశారు. తర్బూజాల బండివాడు కాయల్ని కుప్పగా పోసి అమ్మరాదనీ, కోసి ముక్కలుగా అమ్ముకోవచ్చుననీ తాఖీదు ఇచ్చారు. గుట్ట మీది స్వామివారి పాదాల జోలికి మాత్రం వెళ్లలేదు. దేవాదాయ శాఖ వేరే శాఖ.

కోడ్ వచ్చిందంట అనుకున్నారు జనం. ఏ ఎన్నికలని ఒకరిద్దరు అడిగారు గానీ, ఏవో ఒకటి ఉంటాయిలెమ్మని వాళ్లే సర్దుకున్నారు.

మర్నాడు తులనాత్మక పరిశీలన మొదలైంది. బాలికల హైస్కూల్లో పిల్లలకు ఆటలు నేర్పే పీఈటీ మస్తాన్‌బీని పిలిపించి, ప్రపంచంలో ఎన్ని ఫుట్‌బాల్ కోడ్‌లు ఉన్నాయో చెప్పమన్నారు కమలాకరంగారు. ఆమె సంతోషంగా చెప్పింది. మనవాళ్లు ఆడేది సాకర్, ప్రపంచమంతా ఆడుతుంది, బంతిని చేత్తో ముట్టకూడదు. రగ్బీలో బొప్పాయి కాయలాంటి బంతిని చంకన పెట్టుకుని ఉరుకుతారు, అడ్డమొచ్చినవాణ్ని కిందపడేస్తారు, చేత్తో అందిస్తే మాత్రం వెనక్కే అందించాలి. అమెరికావాళ్లది హెల్మెట్లు, మెత్తలు కట్టుకుని గుద్దుకునే ఆట. ఆస్ట్రేలియాది కోలగా ఉండే పెద్ద మైదానంలో ఆడతారు. ఐర్లండులో చేతులూ కాళ్లూ రెండూ వాడతారు, బంతి చేతిలో ఉంటే నాలుగు అడుగులకు మించి నడవకూడదు.

"ఏది టఫ్ అంటే చెప్పేది కష్టం సార్. దెబ్బలు జూస్తే రగ్బీ. ఊపిరి జూస్తే సాకర్. ఒగ ఆటోళ్లు ఇంగొగ ఆటోళ్లను ఎప్పుడూ ఒప్పుకోరు సార్," అంది మస్తాన్‌బీ.

"మేడమ్, మీరు ఆట గురించి చెబుతున్నారు. మేం కోడ్ గురించి అడుగుతున్నాం."

"కోడ్ అంటే ఆట రకమే గదా సార్?"

"రకం అనే మాట వీడియో కాన్ఫరెన్స్‌లో రాలేదు," అన్నారు కమలాకరంగారు. ఆ మాటతో ఆ చర్చ ముగిసింది.

ఇక కోడ్‌ల కాఠిన్యాన్ని శాఖాపరంగా చర్చించారు. సాకర్‌లో అందరికంటే ముందు వెళ్లి నిలబడటం ఆఫ్‌సైడ్ అనే నేరమని తెలిసి కమలాకరంగారు చాలా మెచ్చుకున్నారు. సీనియారిటీని దాటి ముందుకు పోకూడదన్న నిబంధన ఆటల్లో కూడా ఉండటం ఆయనకు ఊరట కలిగించింది. రగ్బీలో వెనక్కే పంపుతూ మొత్తం మీద ముందుకు పోయామనిపించుకోవాలని విని ఫైళ్ల సెక్షన్‌వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇందులో కొత్తేముందని వాళ్ల ఉద్దేశం. అమెరికన్ కోడ్‌లో కాస్త ఆడి ఆగుతారు, గుమిగూడి తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకుంటారు, మళ్లీ కాస్త ఆడి ఆగుతారు. దాన్ని సమీక్షా సమావేశాల జాబితాలో చేర్చారు.

గ్లోబల్ అప్పీల్ దగ్గర కొంచెం ఇబ్బంది వచ్చింది. కోడ్ వల్ల నష్టపోయినవారు అప్పీలు ఎవరికి చేసుకోవాలి? కలెక్టరుకా, కమిషనర్‌కా? గ్లోబల్ అన్నారు కాబట్టి ప్రపంచానికే చేసుకోవాలని పెన్నోబిలేసు తేల్చాడు. ఆఫీసు గోడ మీద నోటీసు అంటించారు. "అభ్యంతరములున్నవారు ముప్పది దినములలోగా ప్రపంచమునకు అప్పీలు చేసుకొనవచ్చును."

చివరికి ఏది టఫ్ అన్నది తేలలేదు. తేలేదాకా ఏం చెయ్యాలి? ఏదో ఒక కోడ్ పెట్టి, అది మెత్తనిదని ఆదివారం వచ్చినప్పుడు కమిషనర్‌గారు అంటే? పెన్నోబిలేసు లేచి, నింపాదిగా, తన జీవితంలోకెల్లా గొప్ప సలహా చెప్పాడు.

"అన్ని కోడ్‌లూ ఒకేసారి అమలు చేద్దాం సార్."

కమలాకరంగారు స్వయంగా ఆయనకు టీ పోశారు.

ఆ రాత్రి పెన్నోబిలేసు ఇంటికి వెళ్లేసరికి కూతురు వర్ధిని గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఆ పిల్ల పదో తరగతి, స్కూలు జట్టుకు గోల్‌కీపర్. ఆదివారం గుమ్మడికుంట స్కూలుతో జోన్ ఫైనల్ ఉంది. దాన్ని చూడటానికి రాష్ట్ర క్రీడా పాఠశాల నుంచి సెలెక్టరు వస్తున్నాడు. అక్కడ సీటు వస్తే రెండేళ్లు ఆటా చదువూ అక్కడే. వచ్చే ఏడాదికి వర్ధినికి వయసు దాటిపోతుంది. అంటే ఉన్నది ఈ ఒక్క ఆదివారమే. ఏడో తరగతి నుంచి ఆ పిల్ల మోకాళ్లు, మోచేతులు చెక్కుకుపోయేలా మట్టిలో దూకింది ఈ ఆదివారం కోసమే. ఆ సంగతి పెన్నోబిలేసుకు తెలుసు. ఆ మోకాళ్లకు పసుపు రాసింది తనే.

"నాయనా, మా మ్యాచ్‌కు పర్మిషన్ లేదంట. మస్తాన్‌బీ మేడమ్ ఏడుస్తాంది."

"లేదని ఎవరన్నారు మా? షరతులతో ఇచ్చినాం గదా."

"ఆ షరతులు చదివినా. నువ్వే రాసినావంట."

"ఇంట్లో నేను నీకు నాయనని. గేటు దాటితే నోడల్ ఆఫీసర్ని. ఇంట్లో కోడ్ గురించి మాట్లాడేది తప్పు."

"అట్లయితే నాయనను లోపలికి పొమ్మను. నేను నోడల్ ఆఫీసరుతోనే మాట్లాడతా," అంటూ వర్ధిని లేచి గేటు బయటికి వెళ్లి నిలబడింది. పెన్నోబిలేసుకు కూడా బయటికి నడవక తప్పలేదు. వీధిలైటు కింద తండ్రీ కూతుళ్లు పరాయివాళ్లలా ఎదురెదురుగా నిలబడ్డారు.

"సార్," అంది వర్ధిని. "బంతి ముందుకు తన్నకుంటే గోలు యాడికి పడతాది? గోలు దిక్కు బంతే రాకుంటే నేను ఏం పట్టుకోవల్ల? నేను పట్టుకునేది చూడకుంటే వాళ్లు నన్ను యాల తీసుకుంటారు?"

ఇలాంటప్పుడు చెప్పే మాట పెన్నోబిలేసు దగ్గర ఒకటి ఉంది. "అభ్యంతరం ఉంటే ప్రపంచానికి అప్పీలు చేసుకోవచ్చు."

"ఎన్ని రోజులు పడతాది సార్?"

"ముప్ఫై."

వర్ధిని ఆయన మొహంలోకి చూసి లోపలికి వెళ్లిపోయింది. ఆ రాత్రి ఆయనకు అన్నం సయించలేదు. అయినా షరతుల్లో ఒక్క అక్షరం మార్చలేదు. కూతురి కోసం మార్చాడన్న మాట వస్తే ఇన్నేళ్ల పేరు ఏమవుతుంది?

షరతులు ఇవి. సాకర్ కోడ్ ప్రకారం గోల్‌కీపర్ తప్ప ఎవరూ బంతిని చేత్తో తాకరాదు. రగ్బీ కోడ్ ప్రకారం ఎవరూ బంతిని ముందుకు పంపరాదు. అది చేత్తో అందించేటప్పుడే గదా సార్ అని మస్తాన్‌బీ అడిగింది గానీ, మినహాయింపులు ఇస్తే కోడ్ మెత్తబడుతుందన్నారు. అమెరికన్ కోడ్ ప్రకారం అందరూ హెల్మెట్ ధరించాలి. ఐరిష్ కోడ్ ప్రకారం బంతితో నాలుగు అడుగులకు మించి నడవరాదు. ఆస్ట్రేలియన్ కోడ్ ప్రకారం దీర్ఘచతురస్రంగా ఉన్న స్కూలు మైదానాన్ని కోలగా మార్చాలి. అందుకని నాలుగు మూలల్లోనూ కంపచెట్లు నరికి అడ్డం పడేశారు. ఇవికాక సాధారణ షరతులూ ఉన్నాయి. పేర్లు పెట్టి కేకలు వేసి ప్రోత్సహించడం ప్రచారం. చప్పట్లు రెండు జట్లకూ సమానంగా కొట్టాలి. గోలు వేయడం ఒక పక్షానికి మాత్రమే లబ్ధి చేకూర్చే చర్య గనుక, ఒకరు వేసిన వెంటనే రెండోవారికీ వేసే అవకాశం కల్పించాలి.

ఆదివారం పొద్దున్నే కమిషనర్‌గారు వచ్చి షామియానా కింద కూర్చున్నారు. ఆయనకు ఒకపక్క కమలాకరంగారు, మరోపక్క క్రీడా పాఠశాల సెలెక్టరు. పెన్నోబిలేసు మెడలో గుర్తింపు కార్డు, చేతిలో వైర్‌లెస్ సెట్, వెనక వీడియో తీసేవాడితో గీత పక్కన నిలబడ్డాడు. బంతిని తాలూకాఫీసు స్ట్రాంగ్‌రూమ్ నుంచి పోలీసు కాపలాతో తెచ్చి, లక్క సీలు చెక్కుచెదరలేదని రెండు జట్ల కెప్టెన్లకూ చూపించి బయటికి తీశారు.

ఆట మొదలైంది. ఇరవై ఇద్దరు ఆడపిల్లలు నాన్నలవీ అన్నలవీ బైకు హెల్మెట్లు పెట్టుకుని దిగారు. బంతిని ముందుకు తన్నకూడదు కాబట్టి, ఎటు పోవాలో అటు వీపు తిప్పి నిలబడి మడమతో తన్నాలని మొదట్లో ఒక పిల్ల కనిపెట్టింది. అయితే వీపు వైపు ముందు కిందికి వస్తుందా, మొహం వైపు ముందు కిందికి వస్తుందా అని ఆట ఆపి వివరణ తీసుకున్నారు. ఎదుటివాళ్ల గోలు ఎటుంటే అదే ముందని తేలింది. దాంతో బంతి ఎవరి కాలికి దొరికితే వాళ్ల సొంత గోలు వైపే వెనక్కి రావడం మొదలైంది. సొంత గోల్‌లో పడితే? అది ఎదుటివారికి లబ్ధి. కాబట్టి గోలుకు కాస్త ఇవతలే ఆపి, నాలుగడుగులు లెక్కపెట్టుకుని, నిలబడి, ఏం చెయ్యాలో తోచక మస్తాన్‌బీ వైపు చూసేవారు. మస్తాన్‌బీ నోరు తెరిస్తే ప్రచారం. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

సగం ఆట అయిపోయింది. "ఉల్లంఘనలు లేవు," అని పెన్నోబిలేసు వైర్‌లెస్‌లో చెప్పాడు. ఇంత శుభ్రమైన కోడ్ తన సర్వీసులో చూడలేదు. కమిషనర్‌గారు మాత్రం రెండుసార్లు ఆవలించారు. ఇది ఏ కోడ్ అని అడగాలనుకున్నారు గానీ, అధ్యయన యాత్ర చేసి వచ్చినవాడే అడిగితే బాగుండదని ఊరుకున్నారు. సెలెక్టరు పెన్ను మూసి జేబులో పెట్టుకుని, వాచీ చూసుకున్నాడు. పన్నెండు గంటల బస్సు ఉందేమోనని పక్కనున్న పోలీసును అడిగాడు.

ఆ మాట షామియానా పక్కనే ఉన్న గోలు దగ్గర నిలబడిన వర్ధిని చెవిన పడింది. అప్పటిదాకా ఆ పిల్ల చేతికి బంతి ఒక్కసారి కూడా రాలేదు. గ్లౌజులకు మట్టి అంటలేదు. ఆ పిల్ల తండ్రి వైపు చూసింది. తండ్రి హెల్మెట్లు లెక్కపెడుతున్నాడు. వర్ధిని హెల్మెట్ తీసి అవతల పడేసి, రెండు చేతులూ చాచి గుమ్మడికుంట పిల్లల్ని కేకేసింది.

"రాండే! ముందుకు కొట్టండే! నా మీదికి కొట్టండే!"

గోల్‌కీపర్ ఎదుటి జట్టును గోలు కొట్టమని బతిమాలడం ఏ కోడ్‌లోనూ ఉండదు. గుమ్మడికుంట పిల్లలు ఒక్క క్షణం నోరెళ్లబెట్టారు. తర్వాత వాళ్లలో పొడుగు పిల్ల ఒకతి తన హెల్మెట్ కూడా విసిరేసి, పొద్దుట్నుంచీ బిగపట్టుకున్న కసినంతా కాల్లోకి తెచ్చి తన్నింది. బంతి ముందుకు వెళ్లింది. వర్ధిని కుడివైపు గాల్లోకి లేచి, వేలికొసలతో దాన్ని పక్కకు నెట్టి, మట్టిలో పొర్లి లేచింది. "ఇంగోటి!" అంది. సెలెక్టరు జేబులో పెన్ను కోసం తడుముకున్నాడు.

పెన్నోబిలేసు వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. హెల్మెట్ లేకపోవడం, ముందుకు తన్నడం, ఎదుటివారిని ప్రలోభపెట్టడం. మూడు ఉల్లంఘనలు, కమిషనర్‌గారి కళ్లెదుట, సొంత కూతురు. ఊరుకుంటే ఏమంటారు? ఆయన ఈలవేసి మైదానంలోకి దిగాడు. "బంతిని స్వాధీనం చేసుకుంటున్నాం!" అని వీడియో కెమెరా వైపు తిరిగి ప్రకటించి, దొర్లుతున్న బంతిని ఎత్తి చంకన పెట్టుకున్నాడు.

జీపు మైదానానికి అవతలి చివర ఉంది. మొదట ఆయన హుందాగానే నడిచాడు. వెనక ఏదో చప్పుడైతే తిరిగి చూశాడు. రెండు జట్ల పిల్లలూ ఒక్కటై వస్తున్నారు. ఆయన కొంచెం వేగంగా నడిచాడు. వాళ్లూ వేగంగా వచ్చారు. ఇక పరుగు అందుకున్నాడు.

యాభై రెండేళ్ల డిప్యూటీ తహసీల్దార్ బొజ్జ ఊపుకుంటూ, వైర్‌లెస్ సెట్ పారేసుకుంటూ, బంతిని గుండెకు హత్తుకుని పరుగెత్తుతుంటే, వెనక మిగిలిన ఇరవై హెల్మెట్లూ ఒకటొకటే నేలరాలాయి. ఒకతి చొక్కా పట్టుకుంది, చొక్కా చిరిగింది. ఒకతి అడ్డమొస్తే ఆయన పక్కకు తప్పించుకున్నాడు. అంత బాగా తప్పించుకోగలనని ఆయనకే తెలియదు. జీపు ఇంక పది బారల దూరం ఉందనగా, వెనకనుంచి ఎవరో నేల వదిలి ఎగిరి, ఆయన రెండు కాళ్లనూ మోకాళ్ల దగ్గర కౌగిలించుకున్నారు.

పెన్నోబిలేసు బోర్లా పడ్డాడు. నోట్లోకి ఎర్రమట్టి పోయింది. భుజంలో ఏదో కలుక్కుమంది. విధి నిర్వహణలో ఉన్న అధికారి మీద దాడి, దానికి ఏ సెక్షన్ అని ఆలోచించబోయాడు. ఆ ఆలోచన పూర్తికాకముందే ఇంకోటి అడ్డమొచ్చింది. నా బిడ్డ ఎంత బాగా పట్టింది! నొప్పిలోనూ ఆయనకు ఒళ్లంతా గర్వంతో నిండిపోయింది. దాన్ని ఏం చేసుకోవాలో తెలియక అలాగే పడుకుని ఉన్నాడు. వర్ధిని ఆయన చంకలోంచి బంతి లాక్కుంది. తర్వాత పక్కన మోకాళ్ల మీద కూర్చుని, "నాయనా, దెబ్బ తగిలిందా?" అంది.

షామియానా కింద కమిషనర్‌గారు లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. ఒక జట్టుకే కొడుతున్నారా అని ఎవరూ అడగలేదు.

"వండర్‌ఫుల్! నేను తిరిగిన దేశాల్లో ఇంత టఫ్ కోడ్ చూడలేదు. ఏ కోడ్ ఇది కమలాకరం?"

తెలియదంటే కమలాకరంగారికి ఉద్యోగం ఉండదు. "స్థానికంగా అభివృద్ధి చేశాం సర్," అన్నారు.

"ఒక అధికారి బంతి ఎత్తుకుపోతాడు. పిల్లలందరూ కలిసి దాన్ని వెనక్కి తెచ్చుకోవాలి. అంతేగా? సింపుల్. టఫ్‌నెస్ కళ్లారా చూశాను. మరి గ్లోబల్ అప్పీల్? ఇది మిగతా దేశాల్లో చెల్లుతుందా?"

కమలాకరంగారు పెన్నోబిలేసు వైపు చూశారు. పెన్నోబిలేసును ఇద్దరు కానిస్టేబుళ్లు లేపి కూర్చోబెడుతున్నారు. ఆయన మాట్లాడే స్థితిలో లేడు. వర్ధిని బంతి పట్టుకుని ముందుకొచ్చింది. మొహమంతా మట్టి, కళ్లలో నీళ్లు.

"యాల చెల్లదు సార్?" అంది. "పిల్లోళ్లు ఆడుకుంటాంటే బంతి ఎత్తకపోయే ఆఫీసరు లేని దేశం యాడన్నా ఉండాదా?"

మస్తాన్‌బీ కళ్లు మూసుకుంది. కమిషనర్‌గారు ఒక్క క్షణం ఆలోచించి, సెక్రటరీ వైపు తిరిగి, "రాసుకోండి," అన్నారు. "యూనివర్సల్ అప్పీల్."

నెల తిరక్కుండానే అది రాష్ట్ర అధికారిక ఫుట్‌బాల్ అయింది. డిప్యూటీ తహసీల్దార్ హోదాకు తగ్గని ఒక అధికారిని ప్రతి మైదానానికీ బంతి వాహకుడిగా నియమించాలని ఉత్తర్వులు వెలువడ్డాయి. ఆ హోదాకు తగ్గినవారు ఎత్తుకుపోతే అది దొంగతనం కిందికి వస్తుందని వివరణ ఇచ్చారు. బంతి వాహకుల సంఘం పుట్టింది, కరువుభత్యంతోపాటు పరుగుభత్యం అడిగింది. వర్ధినికి క్రీడా పాఠశాలలో సీటు వచ్చింది. కొత్త ఆటకు మూలపురుషుడని పెన్నోబిలేసునూ ఆ పాఠశాలకే ప్రధాన వాహకుడిగా బదిలీ చేశారు. భుజం కట్టు విప్పిన మర్నాడే ఆయన విధుల్లో చేరాడు.

మొదటి రోజు పొద్దున ఆయన కొత్త బూట్లు వేసుకుని, గుర్తింపు కార్డు మెడలో వేసుకుని మైదానం మధ్యకు వెళ్లాడు. బంతిని చంకన పెట్టుకుని, ఈల వేసి, నిబంధన ప్రకారం పరుగెత్తడం మొదలుపెట్టాడు. కొంతదూరం పోయాక వెనక అడుగుల చప్పుడు లేదని గమనించి ఆగాడు. ముప్ఫైమంది ఆడపిల్లలు ఉన్నచోటే నిలబడి ఆయన్ని చూస్తున్నారు. ఒక్కరూ కదల్లేదు. వాళ్ల మధ్యనుంచి వర్ధిని నడుచుకుంటూ ఆయన దగ్గరికి వచ్చింది.

"రేపు మళ్లా నీ భుజం విరిచేది నాతో కాదు నాయనా," అంది మెల్లగా. "బంతి ఆడ పెట్టి పో. మేం ఆడుకుంటాం."

పెన్నోబిలేసు చుట్టూ చూశాడు. పై అధికారులెవరూ లేరు. ఆపేవాళ్లూ లేరు, ఆజ్ఞాపించేవాళ్లూ లేరు. పిల్లలు ఆడుకోవడానికి ఏ నిబంధన కింద అనుమతించాలో ఆయన చాలాసేపు వెతుక్కున్నాడు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో స్వాధీనం చేసుకున్న వస్తువును ఆయన ఎన్నడూ తిరిగి ఇవ్వలేదు. చేతులు చంకనున్న బంతిని వదలడానికి ఇష్టపడలేదు. చివరికి వంగి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు, బంతిని గడ్డి మీద పెట్టాడు. పెట్టి, గీత దాటి వచ్చి, గట్టు మీద కూర్చున్నాడు.

ఎవరో బంతిని ముందుకు తన్నారు. వర్ధిని అవతలి గోలులోకి పరుగెత్తింది.

అంతలో జేబులో ఫోన్ మోగింది. కమలాకరంగారు. "ఓబిలేసూ, కమిషనర్‌గారు అడుగుతున్నారు. అక్కడ కోడ్ ఎలా అమలవుతోంది?"

ఒక బంతి గోలు మూలకు దూసుకొచ్చింది. వర్ధిని ఎడమవైపు దూకి పట్టుకుంది.

"సెబాస్!" అన్నాడు పెన్నోబిలేసు, ఫోన్‌లోనే, గట్టిగా, పేరు పెట్టి. "సెబాస్ వర్ధినీ!"

"ఏమిటీ?"

"ఉల్లంఘనలు లేవు సార్," అని చెప్పి ఆయన ఫోన్ పెట్టేశాడు.